కాలు బలంగానే ఉంది, కబురే అందడం లేదు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అయినా నేను పుట్టి పెరిగింది చెన్నైలోనే. మా నాన్నగారికి 67 ఏళ్ళు. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు కొళత్తూరులో మాతోనే ఉంటారు. 16 ఏళ్ళుగా షుగర్. వారం క్రితం మిట్టమధ్యాహ్నం వడియాలు తిరగెయ్యడానికి చెప్పుల్లేకుండా మేడెక్కి పావుగంట అక్కడే ఉన్నారు. రాత్రి ఆయన కాళ్ళు చాపుకుని టీవీ చూస్తుంటే నా కంటబడింది, కుడి అరికాలి మీద రెండు బొబ్బలు. ఆయనకు తెలియనే తెలియదు. ఒక బొబ్బ చితికి ఇంకా నీరు కారుతోంది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, 'రోజూ గంట నడుస్తున్నా, మూడంతస్తులు ఎక్కుతున్నా, నరాలు దెబ్బతింటే ఈ నడక ఎక్కడిది?' అంటున్నారు. రెండేళ్ళ క్రితం రాత్రిళ్ళు పాదాలు మంటలని, తిమ్మిర్లని నిద్రపోయేవారు కాదు. అవి వాటంతటవే పోయాయి. నువ్వులనూనె మర్దనతో నయమైందని ఆయన నమ్మకం. టెన్త్ చదివే మా అబ్బాయి ఇంకొకటి అడిగాడు: 'కాలికి వేడి తగిలితే మెదడుతో పని లేకుండా దానంతటదే వెనక్కి రావాలి కదమ్మా, రిఫ్లెక్స్ అని చదివాం. తాతయ్య కాలు ఎందుకు రాలేదు?' నా దగ్గర జవాబు లేదు. వాడికి తెలుగు చదవడం రాదు. మీరు రాస్తే నేను చదివి వినిపిస్తాను.

జవాబు: అమ్మా,

మిగతాది తర్వాత చదువుదురు గాని, ముందు నాన్నగారిని డాక్టరుకు చూపించండి. రేపో ఎల్లుండో కాదు, ఈరోజే. 16 ఏళ్ళ షుగర్, అరికాలిలో పుండు, వారమైనా మానకపోవడం, పైగా నొప్పి లేకపోవడం. ఈ నాలుగూ ఒక్క పాదంలో కలిసినప్పుడు 'చూద్దాంలే' అనే మాట పనికిరాదు. అప్పటిదాకా పసుపు, టూత్‌పేస్టు, కొబ్బరినూనె ఏదీ రాయొద్దు. మంచినీళ్ళతో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ వదులుగా కప్పండి. చితకని బొబ్బను సూదితో పొడవకండి. ఆ కాలి మీద బరువు పడకూడదు. అంటే ఆయన గొప్పగా చెప్పుకునే ఆ గంట నడక ప్రస్తుతానికి బంద్. పుండు చుట్టూ ఎర్రబడినా, వాసన వచ్చినా, పాదం వాచినా, జ్వరం తగిలినా అర్ధరాత్రయినా క్యాజువాల్టీకి వెళ్ళాల్సిందే.

నేను మందులు రాసేవాణ్ణి కాను, మెడికల్ కాలేజీలో ముప్పై ఏళ్ళ పైచిలుకు ఫిజియాలజీ పాఠం చెప్పినవాణ్ణి. కాబట్టి మందు సంగతి డాక్టరుకు వదిలేసి, ఎందుకిలా జరిగిందన్నది నేను చెప్తాను. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. మధ్యలో వాదిస్తే వాదించనివ్వండి.

మీ అబ్బాయి ప్రశ్నతోనే మొదలుపెడతాను. పుస్తకంలో చదివినదాన్ని ఇంట్లో జరిగినదానితో పోల్చి, ఇక్కడ తేడా వచ్చిందే అని పట్టుకున్నవాడు వాడొక్కడే. నా క్లాసులో ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్ళు ఏడాదికి ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు.

నాన్నగారు రైలు పెట్టెలు బిగించిన మనిషి. అప్ లైను, డౌన్ లైను అంటే ఏమిటో ఆయనకు నేను చెప్పక్కర్లేదు. మన ఒంట్లో నరాలదీ అదే ఏర్పాటు. చర్మం నుంచి, కండల నుంచి, కీళ్ళ నుంచి వెన్నుపాముకూ మెదడుకూ కబురు మోసుకుపోయేవి జ్ఞాన నాడులు. డాక్టర్లు సెన్సరీ అంటారు. అక్కడి నుంచి కండ దగ్గరికి 'బిగుసుకో' అన్న ఆజ్ఞ తెచ్చేవి చాలక నాడులు, మోటార్ నరాలు. పైకి పోయే లైను మీద కింది బండి రాదు, కిందికి వచ్చే లైను మీద పై బండి పోదు.

మరి కాలికి పోయే నరం ఒకటే కదా, అందులో సగం చెడి సగం బాగుండడమేమిటని ఆయన అడుగుతారు. తొడ వెనక నుంచి దిగే సయాటిక్ నరం ఒంట్లోకెల్లా లావుపాటిది, దగ్గరదగ్గర చిటికెన వేలంత ఉంటుంది. దాన్ని అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే అది ఒక తీగ కాదు, వేలకు వేల సన్నటి తీగల కట్ట. పైకి పోయేవీ కిందికి వచ్చేవీ అందులో కలిసే ఉంటాయి. వెన్నెముక దగ్గరికి వచ్చాక మాత్రం దారులు విడిపోతాయి. కబురు తెచ్చేవి వెనక వేరు గుండా వెన్నుపాములోకి పోతాయి, ఆజ్ఞ తీసుకెళ్ళేవి ముందు వేరు గుండా బయటికి వస్తాయి. ఇలా వెన్నుపాము నుంచి బయల్దేరే నరాల జతలు మనిషికి 31.

ఈ సంగతి బయటపడ్డ తీరు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. 1811లో లండన్‌లో ఛార్లెస్ బెల్ ముందు వేరుకూ కదలికకూ సంబంధం ఉందని రాశాడు. 1822లో పారిస్‌లో ఫ్రాంస్వా మజాండీ అనే ఆయన కుక్కపిల్లల మీద పరీక్ష చేశాడు. మత్తుమందులు రాని కాలం అది. ఒక కుక్కపిల్లకు వెనక వేర్లు కోసేసి, కుట్లు వేసి వదిలాడు. గిల్లి చూశాడు, గట్టిగా నొక్కి చూశాడు, ఆ కాలు ఉలకలేదు పలకలేదు. చచ్చుబడిపోయిందనుకున్నాడు. కాసేపటికి ఆ కుక్కపిల్ల తనంతట తనే ఆ కాలు కదిపింది! స్పర్శ మాత్రం సున్నా. ముందు వేర్లు కోసిన కాలేమో వేలాడిపోయింది.

మొదటి కుక్కపిల్లకు నోరుంటే నాన్నగారి మాటే అనేది: 'కదులుతూనే ఉన్నా కదా, నాకేమైంది?'

ఇప్పుడు ఆ తీగలో కబురు ఎలా పోతుందో. కరెంటు తీగలాగా కాదు. నరం లోపలికీ బయటికీ మధ్య 70 మిల్లీవోల్టుల తేడా ఎప్పుడూ ఉంటుంది, లోపల మైనస్, బయట ప్లస్. చర్మంలో ఉన్న కొసకు వేడో ఒత్తిడో తగిలితే అక్కడి పొరలో సన్నటి తలుపులు తెరుచుకుని బయటి సోడియం లోపలికి దూకుతుంది. ఆ చిన్న చోటు ఒక్క క్షణం తలకిందులవుతుంది, క్షణమంటే సెకనులో వెయ్యో వంతు. దాన్ని చూసి పక్కచోటు తలుపులు తెరుచుకుంటాయి, దాన్ని చూసి ఆ పక్కవి. గోదారి గట్టు మీద ఒకడి కేక అందుకుని ఇంకొకడు కేకేసినట్టు, మనిషి కదలడు, కేక మాత్రం ఊరు దాటుతుంది. దెబ్బ గట్టిగా తగిలితే కేక పెద్దదవదు, ఎక్కువసార్లు వినిపిస్తుంది. లోపలికి వచ్చిన సోడియాన్ని మళ్ళీ బయటికి తోడే పంపు ఒకటి రాత్రింబగళ్ళు నడుస్తూనే ఉండాలి. ఆ పంపుకు ఇంధనం ఏటీపీ. కండలో దాన్ని 1929లో కనిపెట్టినవాళ్ళలో ఒకరు భీమవరంలో పుట్టి, మన మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. పాఠంలో ఈ చోటుకి రాగానే ఆయన పేరు చెప్పకుండా ముందుకు పోవడం నాకు చేతకాదు.

కేక ఎంత వేగంగా పోతుందన్నది ఒకప్పుడు ఎవరికీ అందని లెక్క. యోహాన్నెస్ మ్యూలర్ అంతటి పండితుడు అది కొలవడం మన వల్ల కాదన్నాడు. ఆయన శిష్యుడు హెల్మ్‌హోల్ట్స్ 1850 నాటికి కప్ప కాలి నరం మీద కొలిచి చూపించాడు, సెకనుకు సుమారు 27 మీటర్లు. మేం చదువుకునే రోజుల్లో అదే పరీక్ష ప్రాక్టికల్స్‌లో ఉండేది. నిగనిగలాడే కాగితానికి దీపం మసి పట్టించి డ్రమ్ముకు చుట్టేవాళ్ళం. డ్రమ్ము తిరుగుతుంటే కప్ప పిక్క కండ ముడుచుకున్నప్పుడల్లా ముల్లు మసి మీద తెల్లటి గీత గీసేది. నరాన్ని కండకు దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి మీటితే రెండో గీత వెంట్రుకవాసి ఆలస్యంగా లేచేది. ఆ వెంట్రుకవాసిలోనే వేగం ఉంది. వేళ్ళకూ చొక్కాకూ మసి, హాస్టలు మెస్సులో ఎవరూ పక్కన కూర్చునేవాళ్ళు కాదు. ఇప్పుడు కప్పలూ లేవు, మసీ లేదు, కంప్యూటర్‌లో చూపిస్తున్నారు. కప్పలకు మంచిదే.

మనిషిలో నరాలన్నీ ఒకే వేగంతో పోవు. చెన్నై బీచ్ స్టేషన్‌లో తాంబరం బండి ఎక్కేవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మామూలు లోకల్ ప్రతి స్టేషన్‌లో ఆగుతుంది, ఫాస్ట్ లోకల్ కొన్నిచోట్లే ఆగుతుంది. లావుపాటి నరాలకు మయలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. సుమారు మిల్లీమీటరుకొక చోట తొడుగు తెగి ఉంటుంది. కబురు ఆ ఖాళీ నుంచి ఈ ఖాళీకి దూకుతూ పోతుంది. కాలు ఎక్కడుందో చెప్పే నరాలూ, కండకు ఆజ్ఞ తెచ్చే నరాలూ ఈ రకం. వీటిలో బాగా లావైనవి సెకనుకు 80 నుంచి 120 మీటర్లు లాగిస్తాయి. స్పర్శ నరాలు కాస్త నిదానం, 35 నుంచి 75. చురుక్కుమనే నొప్పి 5 నుంచి 30 మధ్య. ఇక సన్నటి, తొడుగే లేని నరాలు ఉన్నాయి. మంట, సలుపు, వేడి ఎక్కువగా వీటి మీదే వస్తాయి. వీటి వేగం సెకనుకు మీటరు అటూ ఇటూ, మనం వీధిలో నడిచే వేగం.

మీరే పరీక్షించి చూడొచ్చు, అంటే కావాలని చేయక్కర్లేదు, ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. కాలి బొటనవేలు గడపకు కొట్టుకున్నప్పుడు గమనించండి. తగిలిందన్న సంగతి ముందు తెలుస్తుంది. వెంటనే చురుక్కుమంటుంది. ఆ తర్వాత ఒక చిన్న విరామం, 'అయ్యో, ఇప్పుడు వస్తుంది' అని పళ్ళు బిగబట్టే విరామం. అప్పుడొస్తుంది అసలు సలుపు. బొటనవేలి నుంచి వెన్నుపాముకు మీటరు దూరం. సన్నటి నరం మీద ఆ మీటరు నడవడానికి పట్టిన సెకనే ఆ విరామం.

ఇక రిఫ్లెక్స్. మీ అబ్బాయి చదివింది నిజమే. అరికాలికి నిప్పో ముల్లో తగిలితే కబురు వెన్నుపాములోకి రాగానే అక్కడికక్కడే చాలక నాడికి అందుతుంది, మోకాలు ముడుచుకుంటుంది, పాదం లేస్తుంది. అదే క్షణంలో రెండో కాలికి వేరే ఆజ్ఞ పోతుంది, 'నువ్వు గట్టిగా నిలబడు, లేకపోతే ఇద్దరం పడతాం' అని. ఇదంతా జరిగాక మెదడుకు తెలుస్తుంది, అప్పుడు 'అబ్బా' అంటాం. మెదడుతో పని లేదన్న మాట నిజం. కానీ కబురుతో పని ఉంది! వాడు అక్కడే ఒక మెట్టు దాటేశాడు. మేడ మీద తాతయ్య వెన్నుపాము బాగానే ఉండి ఉంటుంది, చాలక నాడి బాగుంది, తొడ కండ బాగుంది. కాలు ఎత్తడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. ఎత్తమని చెప్పడానికి కింది నుంచి ఎవరూ రాలేదు, వచ్చినా వేళకు రాలేదు.

చర్మంలో వేడిని పట్టే కొసలకు ఒక లెక్క ఉంది. సుమారు 43 డిగ్రీలు దాటితే వాటి తలుపు తెరుచుకుని మంట పుడుతుంది. తమాషా ఏమిటంటే మిరపకాయలో ఘాటు కూడా సరిగ్గా అదే తలుపు తడుతుంది. అందుకే గుంటూరు కారం నాలుక మీద పడితే 'మండిపోతోంది' అంటాం, 'కారంగా ఉంది' అని ఊరుకోం. ఆ తలుపును కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ ఇచ్చారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనమంటాం, ఇక్కడివాళ్ళు కత్తిరి వెయిల్ అంటారు. పేరేదైనా మే నెల మధ్యాహ్నం సిమెంటు గచ్చు 43 డిగ్రీలను సునాయాసంగా దాటేస్తుంది. మీరో నేనో అయితే రెండడుగులు వేసి గంతులేస్తూ వెనక్కి వస్తాం. ఆయన పావుగంట వడియాలు తిరగేశారు.

'నేల తగులుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉందమ్మా' అని ఆయన అనొచ్చు. తెలియొచ్చు. స్పర్శ వేరే తీగ, వేడి వేరే తీగ. వేడిని, నొప్పిని మోసే సన్న తీగలు ముందు పోయి, స్పర్శను మోసే లావు తీగలు కొంతకాలం మిగిలి ఉండడం షుగర్‌లో చూస్తూనే ఉంటాం.

పాదాలే ఎందుకు ముందు? దీనికి ఒక లెక్క చెప్తాను, నాకు ఇష్టమైనది. బొటనవేలి స్పర్శను మోసే నరకణం నడుము దగ్గర వెన్నెముక పక్కన కూర్చుని ఉంటుంది. కంటికి కనపడనంత చిన్నది. దాని తీగ మాత్రం మీటరు పొడవు. ఆ కణాన్ని నిమ్మకాయంత చేసి చూస్తే తీగ కిలోమీటరు పోతుంది. ఆ కిలోమీటరు తీగకు కావలసిన మరమ్మతు సామానులో చాలా భాగం ఆ నిమ్మకాయే తయారుచేసి పంపాలి. అందులో కొన్ని గట్టి సరుకులు రోజుకు ఒకటి రెండు మిల్లీమీటర్లే కదులుతాయి. ఆ లెక్కన నడుము నుంచి బొటనవేలు చేరడానికి ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ దాకా పడుతుంది. ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువుంటే నరాలకు రక్తమిచ్చే సన్నటి నాళాలూ దెబ్బతింటాయి, నరాల లోపలి వ్యవహారమూ దెబ్బతింటుంది. ఎక్కడ సరఫరా తగ్గినా ముందు ఎండేది కాలువ చివరి పొలమే. అందుకే వేళ్ళతో మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. చేతివేళ్ళ దాకా వచ్చేసరికి కాళ్ళలో మోకాళ్ళ దగ్గరికి వచ్చేసి ఉంటుంది.

చాలక నాడులూ అంతే పొడవు కదా, అవి ఎందుకు మిగిలాయి? వాటి కణాలు వెన్నుపాము లోపల రక్షణలో ఉంటాయి. జ్ఞాన నాడుల కణాలేమో బయట ముడుల్లో ఉంటాయి. అక్కడి రక్తనాళాలకు ఆ కట్టుదిట్టం లేదు, రక్తంలో ఉన్నది సులువుగా తగులుతుంది. ఇదొక కారణమంటారు. అలాగని చాలక నాడులు శాశ్వతంగా తప్పించుకున్నాయని కాదు. ఆయన కాలివేళ్ళు కొంచెం పక్షి గోళ్ళలా వంగాయేమో చూడండి. పాదంలోని చిన్న కండలకు వచ్చే చాలక నాడులు బలహీనపడితే అలా వంగుతాయి. పెద్ద కండలు తొడలోనూ పిక్కలోనూ ఉంటాయి, దూరం తక్కువ, అందుకే మూడంతస్తులు ఎక్కడం దేనికీ సాక్ష్యం కాదు.

మంటలు తగ్గిన సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది ఆ వాక్యమే. రాత్రిళ్ళు పాదాలు మండడం, చీమలు పాకినట్టుండడం, దుప్పటి తగిలినా భరించలేకపోవడం దెబ్బతింటున్న నరాల గోల. దెబ్బతిన్న తీగ తగలకుండానే తగిలిందని కబురు పంపుతుంది. షుగర్ బాగా అదుపులోకి వచ్చి, స్పర్శ పదిలంగా ఉండి మంట తగ్గితే సంతోషించాల్సిందే. కానీ మంట పోయింది, దాంతోపాటు వేడి తెలియడమూ పోయిందంటే అరిచేవాడి గొంతు పోయిందని అర్థం. నువ్వులనూనె మర్దనకు నేను వ్యతిరేకిని కాను, చర్మం పగలకుండా ఉంటుంది, కూతురు పక్కన కూర్చుని రాస్తే మనసుకూ బాగుంటుంది. వేళ్ళ సందుల్లో మాత్రం రాయకండి, తడి నిలిచి పాస్తుంది. ఇప్పుడు పుండున్న కాలికి అసలే వద్దు.

ఆయన్ని ఒప్పించే పని మీ అబ్బాయికి అప్పగించండి. మనవడు అడిగితే కాదనలేరు. తాతయ్యను పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమనాలి. చూపుడువేలి కొనతో తాతయ్య కాలివేళ్ళ కొసలను తాకాలి, బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, రెండు కాళ్ళకూ కలిపి ఆరు. ఈక తగిలినట్టు మెల్లగా, ఒకటి రెండు సెకన్లు. నొక్కకూడదు, తట్టకూడదు, గీరకూడదు, తెలియలేదని రెండోసారి తాకకూడదు. తగిలినప్పుడల్లా ఆయన కుడి, ఎడమ అని చెప్పాలి. వరసగా పోకుండా అటొకటి ఇటొకటి తాకమనండి, లేకపోతే ఫిట్టరు గారు లెక్కకట్టి చెప్పేస్తారు. ఆరులో రెండు గాని అంతకంటే ఎక్కువ గాని తెలియకపోతే పాదంలో స్పర్శ తగ్గినట్టే. కాగితం మీద పాదం బొమ్మ గీసి, తెలియని వేళ్ళకు గుర్తు పెట్టి డాక్టరుకు ఇవ్వండి. ఆరూ తెలిస్తే బొబ్బల సంగతి మర్చిపోవచ్చని మాత్రం కాదు, వేడి తీగ వేరని చెప్పాను కదా.

ఇంకో రెండు గమనించండి. హవాయి చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకుండా నాలుగడుగులు నడుస్తున్నారా? వాష్‌బేసిన్ దగ్గర సబ్బు రుద్దుకుని కళ్ళు మూసుకున్నప్పుడు తూలి గోడ పట్టుకుంటున్నారా? రెండోది చాలా ఇళ్ళలో 'వయసు' ఖాతాలో రాసేస్తారు. పాదం ఎక్కడుంది, బరువు ఎటు ఒరుగుతోంది అన్న కబురు కింది నుంచి రాకపోతే ఆ పని కళ్ళు చేస్తాయి. కళ్ళు మూస్తే ఆ సాయమూ పోతుంది. ఆయన నడక బాగుందంటే అందులో కొంత కళ్ళ పుణ్యమే.

డాక్టరు దగ్గర నైలాన్ దారంలాంటి తీగతో అరికాలు అక్కడక్కడా తాకుతారు. అది సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా చేసింది. ట్యూనింగ్ ఫోర్కు మోగించి బొటనవేలి ఎముక మీద పెడతారు, మడమ వెనక సుత్తితో కొడతారు, పాదంలో నాడి కొట్టుకుంటోందా అని చూస్తారు. నరాల కరెంటు పరీక్ష రాస్తే చేయించండి. అది నార్మల్ వచ్చిందని నాన్నగారు కాగితం ఊపితే మాత్రం ఒక మాట చెప్పండి: ఆ పరీక్ష ఫాస్ట్ లోకళ్ళ లెక్కే చూస్తుంది, సన్నటి తీగల బండ్లు దానికి కనపడవు.

నరాల బలం మాత్రలు, టానిక్కులు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మన భాషలో 'నరం' అన్న మాటకు హద్దు లేదు, రక్తనాళమూ నరమే, కండ పట్టేసినా నరం పట్టేసిందే, పరీక్ష రోజు వణుకూ నరాల బలహీనతే. అందుకే ఆ పేరుతో ఏదైనా అమ్ముడవుతుంది. అందులో పనికొచ్చేది ఒకటుంది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకుంటే కొందరిలో బీ12 తగ్గుతుంది. బీ12 తగ్గినా నరాలు ఇలాగే దెబ్బతింటాయి. కాబట్టి రక్తంలో బీ12 చూడమని డాక్టరును మీరే అడగండి, తక్కువుంటే మందుతో భర్తీ చేయొచ్చు. తక్కువ లేకపోతే టానిక్కుతో ఒరిగేదేమీ లేదు. ఆ మాత్రల్లోని బీ6 ఎక్కువ మోతాదులో చాలాకాలం మింగితే జ్ఞాన నాడులే పాడవుతాయి. నరాలకని వేసుకున్న మాత్ర నరాలనే తినడం మీ ఇంట్లో జరగకూడదు.

నొప్పి లేకపోవడం ఎంత ప్రమాదమో మొదట గట్టిగా చెప్పినవాళ్ళలో ఒకరు మనకు దగ్గర్లోనే పనిచేశారు. పాల్ బ్రాండ్ అనే సర్జన్, పుట్టింది తమిళనాడులోని కొల్లిమలై కొండల్లో, 1946లో వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వచ్చారు. కుష్ఠు రోగుల వేళ్ళూ పాదాలూ ఆ జబ్బు తినేయడం వల్లే రాలిపోతాయని అప్పటిదాకా అందరూ నమ్మేవారు. ఆయన దగ్గరగా చూస్తే తేలింది వేరు. నరాలు చచ్చుబడి నొప్పి తెలియక, కాలినా కోసుకున్నా రాయి గుచ్చుకున్నా అదే కాలితో నడిచి, అదే చేత్తో పనిచేసి వాళ్ళు తమకు తెలియకుండానే పోగొట్టుకుంటున్నారు. మామూలు మనిషి చిన్న పుండుంటే కుంటుతాడు. ఆ కుంటడమే వైద్యం. నాన్నగారు పుండుతో వారం రోజులుగా కుంటకుండా తిరుగుతున్నారు.

ఆయన కాలు ఇక చెప్పలేదు కాబట్టి కళ్ళే అడిగి తెలుసుకోవాలి. రోజూ రాత్రి ఒక వేళ పెట్టుకుని అరికాళ్ళు, వేళ్ళ సందులు చూడండి, ఆయనే చూసుకుంటే కింద అద్దం పెట్టుకోమనండి. ఇంట్లో కూడా చెప్పులు ఉండాల్సిందే. ఎం.సి.ఆర్. చెప్పులని మెత్తటి రబ్బరుతో చేస్తారు, వెనక పట్టీ ఉన్నవి తీసుకోండి, జారిపోవు. వేసుకునే ముందు బోర్లించి దులపమనండి, లోపల గులకరాయి ఉన్నా ఆయనకు తెలియదు. స్నానం నీళ్ళు మోచేతితో చూసుకోవాలి, పాదంతో కాదు. చలికాలం కాళ్ళకు వేడినీళ్ళ సంచీ వద్దు. ఆనెలకు మెడికల్ షాపులో దొరికే పట్టీలు అతికించొద్దు, బ్లేడు అసలే వద్దు. గుడికి వెళ్ళాలంటే పొద్దున్నే వెళ్ళమనండి, ప్రదక్షిణ రాళ్ళు మధ్యాహ్నం మీ మేడకేమీ తీసిపోవు. పుండు పూర్తిగా మాని డాక్టరు సరేనన్నాక నడక మళ్ళీ మొదలుపెట్టొచ్చు, మానేయమని నేననను.

పోయిన స్పర్శ మొత్తం తిరిగొస్తుందని చెప్పలేను. షుగర్ అదుపులో ఉంటే మిగిలింది నిలబడే అవకాశం ఉంది, అదీ చిన్న సంగతి కాదు.

వడియాలు ఇంకా మేడ మీదే ఉంటే అబ్బాయిని పంపండి. చెప్పులేసుకుని వెళ్ళమనండి.